గుట్టకు అవతలి దిక్కు

ఇది రెండు రాజ్యాల కథ. నడుమ మహారణ్యం. ఒక తల్లి కడుపున పుట్టిన అక్కాతమ్ముడు చెరో సైన్యంలో నిలబడ్డారు. నెత్తురు పారింది. ఏళ్ళ తరబడి పగ రగిలింది. చివరికి ఒకే ఒక్క మాట దగ్గర రెండు సైన్యాలూ ఆయుధాలు దించాయి.

ఇట్లా మొదలుపెడితే గంభీరంగా ఉంటుందని రాశాను గాని, ఇది చదివేవాళ్ళలో మా ఊరివాళ్ళు కూడా ఉంటారు. అందుకని నిజం చెప్పాలి. రాజ్యాలంటే దేవరకొండ రోడ్డు దిగి లోపలికి పోతే వచ్చే రెండు ఊళ్ళు. ఒకదాంట్లో కిరాణా దుకాణం ఉంది, రెండోదాంట్లో అదీ లేదు. మహారణ్యం అంటే ఆ రెంటి మధ్యన ఒక గుట్ట. పారిన నెత్తురు ఒక తువ్వాలకు సరిపోయింది. ఆయుధాలంటే సీతాఫలాలు తెంపే దోటీలు. అక్కాతమ్ముడు మాత్రం నిజం. తమ్ముడు మా బాపు. అక్క, గుట్టకు అటుపక్క ఊరికి ఇచ్చిన మా అత్త.

గుట్ట మీద సీతాఫలం చెట్లు ఎవరూ నాటలేదు. తునికి, మోదుగు, తంగేడు కూడా అట్లా వచ్చినవే. మా వైపు నేలంతా వాన మీద ఆధారపడ్డ ఎర్రనేల. పత్తి, ఆముదం, కంది వేస్తాం. అవి పండితే గుట్ట మీద పండ్లు పిల్లలు తింటారు. పండకపోతే ఆ పండ్లే గంపలకెత్తుకొని దేవరకొండ బస్టాండుకు పోతాం. కాబట్టి మా ఇళ్ళలో గుట్ట అంటే ప్రకృతి అనీ అందం అనీ ఎవరూ అనలేదు. ఎవరైనా అని ఉంటే జ్వరమేమో చూడమనేవారు.

నేను ఇంటర్ చదివేటప్పుడు గుట్ట మీద కొట్లాట అయింది. అప్పటికి రాష్ట్రం ఇంకా రాలేదు. వస్తదా రాదా అని టీవీల్లో రోజూ జరిగే కొట్లాట ముందు మాది ఎవరి కంటికీ ఆనలేదు. రెండేళ్ళు వరసగా వానలు ఎగ్గొట్టాయి. పత్తి పోయింది, ఆముదం పోయింది, గుట్ట మిగిలింది. రెండు ఊళ్ళూ దాని మీద పడ్డాయి. పచ్చి కట్టె కొట్టారు. కొమ్మలు విరిచి ఆకు మేకలకు వేశారు. సీతాఫలాలను నిమ్మకాయలంత ఉన్నప్పుడే తెంపారు. వాళ్ళు తెంపుకుపోతారని మేం, మేం తెంపుకుపోతామని వాళ్ళు.

ఒక పొద్దున మాటా మాటా పెరిగింది. వాళ్ళు గొడ్డలి గుంజుకున్నారని మా ఊళ్ళో చెబుతారు. మేం మేకను చంపామని వాళ్ళ ఊళ్ళో చెబుతారు. గొడ్డలి సాయంత్రానికి పొదలో దొరికింది. చచ్చిపోయిన మేక ఆ తర్వాత మూడు ఈతలు ఈనింది. అప్పటికే జరగాల్సింది జరిగింది. బాపు ఎడమ మణికట్టు విరిగింది. మా మామ, అంటే అత్త భర్త, నుదురు పగిలింది. ఎవరిని ఎవరు కొట్టారో ఇప్పటికీ తేలలేదు. తాము ఒకరినొకరు మాత్రం కొట్టుకోలేదని ఇద్దరూ ఒట్టు పెడతారు.

ఇద్దరినీ ఒకే ట్రాక్టరులో దవాఖానకు తీసుకుపోయారు, ఎందుకంటే రెండు ఊళ్ళలో కలిపి డీజిలున్న ట్రాక్టరు అదొక్కటే. దవాఖానలో పక్కపక్క మంచాలు ఇచ్చారు. మధ్యాహ్నం అత్త అన్నం డబ్బా పట్టుకొని వచ్చింది. మామకు పెట్టింది. తర్వాత రెండో పళ్ళెంలో అన్నం, కోడిగుడ్డు కూర వేసుకొని బాపు మంచం దగ్గరికి వచ్చింది. బాపు గోడ వైపు తిరిగి పడుకున్నాడు. గోడ మీద కుటుంబ నియంత్రణ గురించి ఒక పెద్ద కాగితం అంటించి ఉంది. బాపు దాన్ని మొదటి అక్షరం నుంచి చివరి అక్షరం దాకా చదివాడని అమ్మ చెబుతుంది. అత్త కాసేపు పళ్ళెం పట్టుకొని నిలబడి, అన్నం మళ్ళీ డబ్బాలో వేసి, మూత పెట్టుకొని పోయింది.

కేసులు కొన్నాళ్ళు నడిచి, నడవలేక కూర్చున్నాయి. రాకపోకలు ఆగిపోయాయి. గుట్ట దిగితే అత్త ఇల్లు. కానీ బాపు ఆ దారిన పోలేదు, అత్త ఈ దారిన రాలేదు. రాఖీ పున్నమి నాడు బాపు పొద్దుటి నుంచే నిండు చేతుల అంగీ వేసుకొని తిరిగేవాడు. ఎండ అనేవాడు. ముసురు పట్టిన రోజున కూడా ఎండే అన్నాడు. మేమెవరం ఆ విషయంలో వాదించలేదు.

రాష్ట్రం వచ్చిన రెండో ఏడో మూడో ఏడో మా గుట్టకు అడవిశాఖ నుంచి కొత్త బీటు ఆఫీసరు వచ్చింది. పాలమూరు అమ్మాయి. నాకంటే ఓ రెండేళ్ళు పెద్దదై ఉంటుంది. గుట్టంతా తిరిగి నరికిన మొదళ్ళు చూసి, రోడ్డు మీది టీ కొట్టు ముందర రెండు ఊళ్ళనూ కూర్చోబెట్టింది. టీ కొట్టు ఏ ఊరిదీ కాదు, టీ ఎవరికీ నచ్చదు, కాబట్టి తటస్థమైన చోటు. ఊరికో కమిటీ పెడితే గుట్టను రెండు ముక్కలు చేసి తింటారని, అందుకని ఇద్దరికీ ఒకటే కమిటీ అని చెప్పింది. ఏటా గుట్టలో సగం మూసెయ్యాలి. ఆ సగంలోకి గొడ్డలి పోవద్దు, మేక పోవద్దు, దోటి పోవద్దు. రాలిన పండు రాలినచోటే మొలవాలి. తెరిచిన సగంలో రెండు ఊళ్ళవాళ్ళూ కలిసి తెంపుకోవాలి. మరుసటి ఏడు ఇది మూసి అది తెరవాలి.

‘కలిసి’ అన్న మాట దగ్గర అందరూ టీ గ్లాసుల్లోకి చూశారు. అప్పుడు బాపు లేచాడు.

“సరే అందాం. చెట్లు బతకాలె గద,” అన్నాడు.

అంతవరకు బాపుకు చెట్ల మీద ప్రేమ ఉన్నట్టు ఏ చెట్టూ గమనించలేదు. ఆ సాయంత్రం అమ్మ బియ్యం ఏరుకుంటూ, నన్ను చూస్తూ, బాపుకు వినబడేటట్టు అన్నది: “పెరట్ల కల్యామాకు చెట్టుకు ఒక్కనాడు చెంబెడు నీళ్ళు వొయ్యలే. ఇయ్యాల గుట్ట మీద పాయిరం పుట్టుకొచ్చింది.”

 అమ్మ అంతకంటే అడగలేదు. రెండు ఊళ్ళూ కలిసి తెంపితే అత్త కూడా వస్తుంది. వస్తే ఎదురుపడుతుంది. ఎదురుపడితే ఎవరో ఒకరు ఏదో ఒకటి అనాలి. బాపు గుట్టను కాపాడటానికి ఒప్పుకున్నది ఆ ఒక్కదాని కోసమే. దవాఖానలో తిప్పుకున్న ముఖాన్ని ఎట్లా ఇటు తిప్పుకోవాలో తెలియక, మధ్యలో అడవిశాఖను పెట్టుకున్నాడు.

ఆ చలికాలం గుట్ట నెత్తి మీద అగ్గి బాట చెక్కారు. ఎండాకాలం మంట ఒక పక్క నుంచి రెండో పక్కకు పాకకుండా, గడ్డీ గాదం తీసేసి ఖాళీగా ఉంచే బాట అది. మేం ఒక కొస నుంచి, వాళ్ళు రెండో కొస నుంచి చెక్కుకుంటూ వచ్చాం. మధ్యలో కలవాలి. కలవలేదు. నాలుగు బారల తేడా వచ్చింది. అక్కడ ఒక అడ్డ ముక్క చెక్కి కలిపారు. ఆ వంకర ఇప్పటికీ ఉంది. వంకర పోయింది వాళ్ళని మేం, మేమని వాళ్ళు. కానీ ఆ ఎండాకాలం ఎవరో పారేసిన బీడీకి గడ్డి అంటుకుంటే, మంట ఆ బాట దాకా వచ్చి ఆగింది. ఆర్పడానికి రెండు ఊళ్ళూ ఎక్కాయి. పచ్చి కొమ్మలు పట్టుకొని మంటను కొడుతున్నప్పుడు ఎవరు ఎవరి పక్కన ఉన్నారో ఎవరూ చూసుకోలేదు. బాపుకు ఒక పక్కన మామ ఉన్నాడు. ఇద్దరి ముఖాలూ మసితో నల్లగా ఉండటం వల్ల గుర్తుపట్టనట్టు ఉండటానికి వీలైంది.

వానలు వచ్చాయి, చెట్లు పూత పట్టాయి. ఏ సగం ముందు మూయాలో తేల్చడానికి మళ్ళీ టీ కొట్టు దగ్గర కూర్చున్నాం. తీర్మానాల పుస్తకం నా చేతిలో ఉంది. డిగ్రీ అయిపోయి గ్రూప్స్‌కు చదువుతున్నానని చెప్పుకుంటూ ఇంట్లో ఉండేవాళ్ళకు ఇట్లాంటి గౌరవాలు దక్కుతాయి. బీటు మేడం, ఎక్కువ దెబ్బతిన్న వైపే ముందు మూద్దాం, అది ఏ వైపో మీరే చెప్పండి అన్నది.

“అవుతలి దిక్కు,” అన్నాయి రెండు ఊళ్ళూ ఒకే గొంతుతో.

ఆమె ముఖం వెలిగిపోయింది. ఇంత తొందరగా ఒప్పుకున్నారా అని రెండుసార్లు అడిగింది. ఒప్పుకున్నామని రెండుసార్లు చెప్పారు. నేను రాశాను: ‘ఈ సంవత్సరం గుట్టకు అవతలి వైపు మూసి ఉంచాలని, ఇవతలి వైపు ఉభయ గ్రామాల వారు కలిసి పండ్లు కోసుకోవాలని ఏకగ్రీవంగా తీర్మానించడమైనది.’ చివరి మాట నాకు చాలా నచ్చింది. అందరూ సంతకాలు పెట్టారు. వేలిముద్రలు పెట్టేవాళ్ళు పెట్టారు. కొట్లాట అయినప్పటి నుంచి రెండు ఊళ్ళు ఒక మాట మీదికి వచ్చింది అదే మొదటిసారి అని మేడం అన్నది. మాట ఒకటే. అందులో అబద్ధం లేదు.

ఆ తీర్మానం నకలు వాళ్ళ పంచాయతీ గోడకు అంటించడానికి నేనే పోయాను. అత్త ఇల్లు పక్కనే. పిలిచి మజ్జిగ ఇచ్చింది. నేను తాగేదాకా నిలబడి, కొంగుతో చెంబు తుడుస్తూ అడిగింది.

“చెయ్యి వంగుతున్నదా?”

“ఎవరిదత్తా?”

“ఎవరిదో ఒకరిది.”

వంగుతున్నదని, చలికాలం కొంచెం గుంజుతుందని చెప్పాను. ఈసారి పండ్లు అందరూ కలిసే తెంపుతారా అని అడిగింది. అందరూ కలిసే అన్నాను. మీ బాపు కూడానా అన్నది. బాపు కూడా అన్నాను.  ఇంకో చెంబు మజ్జిగ పోసింది.

సీతాఫలానికి కండ్లుంటాయి. పైన బుడిపెలు దగ్గరదగ్గరగా ఉన్నంతసేపు కాయ కన్ను మూసుకున్నట్టు. బుడిపెల నడుమ సందులు తెల్లబడితే కన్ను విప్పినట్టు. అప్పుడే తెంపాలి. ఆ ఏడు దసరాకు ముందే కండ్లు విప్పాయి. మొదటి రోజు బాపు తెల్లవారే స్నానం చేసి, ఇస్త్రీ చేసిన పొట్టి చేతుల అంగీ వేసుకొని గుట్టకు బయలుదేరాడు. పండ్లు తెంపడానికి ఇస్త్రీ ఎందుకని అమ్మ అడగలేదు. ఇస్త్రీ చేసింది ఆమే.

మా ఊరంతా మా పక్కన తెంపుతుంటే బాపు మాత్రం పైనుంచి వచ్చే కాలిబాటకు ఎదురుగా ఒక బండ మీద కూర్చున్నాడు. అక్కడ కూర్చొని అందరికీ ఎట్లా తెంపాలో చెప్పాడు. కొమ్మ విరగకుండా తెంపమన్నాడు. కన్ను విప్పని కాయ ముట్టుకోవద్దన్నాడు. ఎవరూ రాలేదు. పత్తి ఏరుతున్నారేమో, రేపొస్తారు అన్నాడు. రెండో రోజూ ఎవరూ రాలేదు. అంగీ నలగకుండా నిటారుగా కూర్చున్నాడు. మూడో రోజు ఎట్లా తెంపాలో కూడా చెప్పలేదు.

ఆ మూడో రోజు పొద్దెక్కాక మేకలు కాసే ఒకాయన పైనుంచి దిగి వచ్చి, అవతలోళ్ళు మూసిన దిక్కు మీద పడి గంపలకు గంపలు తెంపుతున్నారని చెప్పాడు. మా వాళ్ళు దోటీలు ఎత్తారు. ఒకాయన బాపును చూసి, “నువ్వు మాటిచ్చినవ్ గదా పెద్దమనిషీ. మీ అక్కనే ముందలున్నదట,” అన్నాడు. బాపు బండ దిగి అందరికంటే ముందు పైకి నడిచాడు. నేను మేడంకు ఫోను చేసి, పుస్తకం చంకలో పెట్టుకొని వెనక పోయాను. బాపు వీపు చూస్తే నాకు ఏ జోకూ తట్టలేదు. అది నాకు కొత్త.

నెత్తి మీదికి చేరేసరికి అటు నుంచి వాళ్ళు కూడా ఎక్కుతున్నారు. వాళ్ళ చేతుల్లోనూ దోటీలే. మాట తప్పింది మీరంటే మీరని అరుచుకున్నారు. అగ్గి బాట వంకర తిరిగిన చోట రెండు గుంపులూ ఎదురెదురుగా నిలబడ్డాయి. వాళ్ళలో ముందర మామ. ఆయన పక్కన, చేతిలో గుడ్డ మూటతో అత్త.

అంతలో మేడం ఎగపోసుకుంటూ వచ్చింది. మాట రాక చేత్తో నీళ్ళు అడిగింది. అవతలోళ్ళు సీసా ఇచ్చారు. ఆమె తాగేదాకా యుద్ధం ఆగింది. తర్వాత నన్ను పుస్తకం చదవమన్నది. చదివాను. ‘తీర్మానించడమైనది’ దగ్గర గొంతు కొంచెం సన్నబడింది.

“అవతలి వైపంటే ఏది?” అని అడిగింది.

మా ఊరి చేతులన్నీ వాళ్ళ వైపు లేచాయి. వాళ్ళ ఊరి చేతులన్నీ మా వైపు లేచాయి. దోటీలున్నవాళ్ళు దోటీలతో చూపించారు. అట్లాగే కొంతసేపు ఎవరూ దించలేదు. మేం పుట్టినప్పటి నుంచి వాళ్ళను అవతలోళ్ళు అంటున్నాం. వాళ్ళూ మమ్మల్ని అదే అంటున్నారని మాలో ఒక్కడికీ తట్టలేదు. వాళ్ళకూ తట్టలేదు. మూడు రోజులుగా ఎవరి పక్కన వాళ్ళు నిజాయితీగా తెంపుతూ, రెండో ఊరు ఎందుకు రాలేదా అని ఎదురుచూశారు. మూసింది ఏదీ లేదు. ఎక్కడో నెమలి అరిచింది. అది ఏ వైపు నెమలో ఎవరూ అడగలేదు.

“డిగ్రీ సదివిండు,” అన్నారెవరో నా గురించి, చాలా మెల్లగా.

అప్పుడు అత్త రెండు అడుగులు ముందుకు వేసింది. మామ వైపు గాని, మేడం వైపు గాని చూడలేదు.

“మూడు దినాల సంది జొన్నరొట్టెలు చేసుకొని కూసుంటున్న తమ్మీ. రోజు సాయంత్రం కుక్కలకేస్తున్న.”

బాపు నేల చూశాడు. “నేను గూడ కూసున్న అక్కా. మూడు దినాలు. ఇవుతల బండ మీద.”

“ఏ ఇవుతల?”

బాపు ఆలోచించాడు. నిజంగానే ఆలోచించాడు. “గదే,” అన్నాడు చివరికి. “నీకు అవుతల.”

అత్త కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నవ్విందో ఏడ్చిందో మాకు కనపడలేదు. రెండూ అని అమ్మ అంటుంది, అమ్మ అక్కడ లేదు.

కథ ఇక్కడ ఆగితే బాగుండేది. కానీ మేడం ఇంకా అక్కడే ఉంది. సరే, ఇప్పుడు చెప్పండి, ఏ వైపు మూద్దాం అన్నది. దోటీలు మళ్ళీ లేచాయి. మాది సగం కూడా తెంపలేదని మా వాళ్ళు, మాదే ఎక్కువ మిగిలి ఉందని వాళ్ళు. గొంతులు పెరిగాయి. గొడ్డలి ఊసు వచ్చింది. మేక ఊసు వచ్చింది. అప్పుడు బాపు నా దగ్గరికి వచ్చి, పుస్తకం మీద వేలు పెట్టాడు.

“రాయి. అవుతల అంటే మా దిక్కు. మా దిక్కే మూసిన్రని రాయి.”

మా వాళ్ళు ఒక్కసారిగా బాపు మీద పడ్డారు. పొద్దున వెటకారమాడిన ఆయనే మళ్ళీ అందుకున్నాడు: “అక్క కోసం గుట్టంత రాసిస్తున్నవా ఏంది?”

“అవు,” అన్నాడు బాపు. “దవాఖానల అన్నం తెస్తె మొకం తిప్పుకున్న. గందుకు.”

ఆ విషయం మా ఇంట్లో అందరికీ తెలుసు గాని, బాపు నోటి నుంచి రావడం అదే మొదలు. వెటకారమాడిన ఆయన కాసేపు దోటి కొస చూసుకున్నాడు. తర్వాత, మరి మా పండ్ల సంగతేందని అడిగాడు, కొంచెం తగ్గిన గొంతుతో. వాళ్ళ పక్కకే పోయి తెంపుకుందామని, అక్కడ తమకు తెలిసిన ఇల్లు ఒకటి ఉందని బాపు అన్నాడు. మామ గొంతు సవరించుకొని, “రెండు,” అన్నాడు. “మా అన్నది గూడ ఉన్నది.” కొట్లాట తర్వాత మామ బాపుతో అన్న మొదటి మాట అది. లెక్క సరిచేశాడు.

నేను అవతలి, ఇవతలి కొట్టేసి రెండు ఊళ్ళ పేర్లు రాశాను. మళ్ళీ సంతకాలు పెట్టించాను. మేడం ఆ పేజీని ఫోటో తీసుకుంది. తర్వాత వేరే చోటికి బదిలీ అయి పోయింది గాని కమిటీ ఇప్పటికీ నడుస్తోంది. మరీ గొప్పగా ఏం కాదు. మూసిన సగంలోకి మేకలు దూరుతూనే ఉంటాయి, ఎవరి మేకలన్నది తేలదు. చందాల దగ్గర అలుగుతారు. అగ్గి బాట చెక్కడానికి మనిషిని పంపమంటే ముసలాయన్ని పంపుతారు. కానీ మా పక్కన మొదటి ఏడు మూసిన చోట, మోకాలెత్తు సీతాఫలం మొలకల్లో నడవాలంటే ఇప్పుడు కాలు ఎక్కడ పెట్టాలో చూసుకోవాలి. కొట్లాట మాత్రం మళ్ళీ కాలేదు. కొట్టుకోవాలంటే ముందు ఏ పక్కన నిలబడాలో తేల్చుకోవాలి, ఒక ఏడు తెంపిన పక్క మరుసటి ఏడు మనది కాదు.

గుట్ట నెత్తి మీద ఆ గొడవ జరిగిన మరునాడు మేం వాళ్ళ పక్కకు పోయాం. అత్త ఒక చెట్టు కింద మూట విప్పింది. జొన్నరొట్టె, గోంగూర పచ్చడి, ఉల్లిగడ్డ. బాపు పళ్ళెం తీసుకొని, తల ఎత్తకుండా నాలుగు రొట్టెలు తిన్నాడు. అత్త అయిదోది వేసింది. వద్దనలేదు. పక్కన మామ కూర్చొని, ఈసారి కందికి పురుగు ఎక్కువుందని చెప్పాడు. బాపు కూడా పురుగు ఎక్కువే అన్నాడు. నుదుటి కుట్ల గురించి గాని, మణికట్టు గురించి గాని ఎవరూ ఎత్తలేదు. పురుగు మందు దగ్గరే పొద్దు వాలింది.

వచ్చేటప్పుడు అత్త ఒక గంప నిండా కన్ను విప్పిన కాయలు ఏరి ఇచ్చింది. ఇన్నేళ్ళకు ఆ ఇంటి నుంచి వచ్చిన మొదటి గంప అది. బాపు ఎవరికీ ఇయ్యకుండా గుట్ట ఎక్కి దిగేదాకా తనే మోశాడు. అమ్మ దాన్ని రెండు చేతులా అందుకొని, ఒక్క కాయ కూడా పాడు కావద్దని, ఫ్రిజ్‌లో పాలు, పెరుగు తీసేసి కాయలన్నీ సర్దింది.

సీతాఫలాలు ఫ్రిజ్‌లో పెడితే మగ్గవు. తోలు నల్లబడి రాయిలా గట్టిపడతాయి. మావీ అట్లాగే అయ్యాయి. ఎండుగడ్డిలో గాని బియ్యం డబ్బాలో గాని పెట్టుకోవాలి, రెండు మూడు రోజుల్లో తినెయ్యాలి.